మా బండినీ, మా రోజునీ మళ్లీ దారిలో పెట్టినవాళ్లకు

అందరికీ నమస్కారం. నేను ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను. విజయవాడ పటమటలో ఉంటాం. కొందరికి థాంక్స్ చెప్పుకోవాలి, అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన నెల గుంటూరులో పెళ్లికి వెళ్లి వస్తుంటే, సరిగ్గా కనకదుర్గమ్మ వారధి మీద హెడ్‌లైట్లు మసకబారాయి. స్టీరింగ్ బరువెక్కింది. బండి ఆగిపోయింది. చీకటి పడుతోంది, వెనక లారీల హారన్లు. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు, దిగి నడవలేదు. టెన్షన్‌తో నాకు చేతులు ఆడలేదు. అప్పుడు ఒక ఆటో అబ్బాయి తన బండి మా వెనక ఆపి, లైట్లు వేసి, దారిన పోయే ఇద్దర్ని పిలిచి, కారుని కృష్ణలంక వైపు దిగేదాకా తోయించాడు. ఆ తర్వాత మా ఆవిడని ఇంట్లో దింపి వచ్చాడు. డబ్బులివ్వబోతే "మా అమ్మయితే తీసుకుంటానా అండీ" అన్నాడు. నాయనా, నువ్వు చల్లగా ఉండాలి.

మర్నాడు ఒక షాపులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాం. వారం తిరక్కుండానే మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం రోజుని ఆఫీసే నడిపేది. రిటైరయ్యాక మనమే నడుపుకోవాలి. పొద్దున రాఘవయ్య పార్కులో వాకింగ్, వస్తూ రైతుబజార్లో కూరలు, పది గంటలకి సూర్యారావుపేటలో మా ఆవిడకి ఫిజియోథెరపీ. బండి ఆగేసరికి ఇవన్నీ ఒక్కొక్కటిగా జారిపోయాయి. లేవడం ఆలస్యం, పేపరు పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం. ఆ రోజుల్లో పక్క ఫ్లాట్ అమ్మాయి తన ఆఫీసుకి లేటయినా సరే, మా ఆవిడని ఫిజియోథెరపీకి దింపేది. సొంత కూతురైనా అంతకంటే ఏం చేస్తుంది?

చివరికి పార్కు మిత్రుడొకరు పట్టుబట్టి ఆటోనగర్ తీసుకెళ్లారు. లారీ బాడీలు కట్టేవాళ్ల దగ్గర్నుంచి డైనమో వైండింగ్ వాళ్ల దాకా ఉండే చోటు కదా, అక్కడ ఒక సందులో చిన్న షెడ్డు. మెకానిక్ ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్యాటరీకి మీటర్ పెట్టాడు. 14 వోల్టుల దగ్గర చూపించాల్సింది 12 కూడా లేదు. "బ్యాటరీ బంగారంలా ఉంది బాబాయ్ గారూ, డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదు" అని, విప్పి, లోపలి కార్బన్ బ్రష్‌లు నా అరచేతిలో పెట్టాడు. అరిగి అరిగి బియ్యపు గింజంత మిగిలాయి. డైనమో మొత్తం మార్చేయమనొచ్చు, నేను మార్పించేవాణ్ణే. అతను మాత్రం బ్రష్‌లూ, ఒక బేరింగూ వేసి, మళ్లీ మీటర్ పెట్టి నా కళ్లతో చూసుకోమన్నాడు. తీసుకున్నది సామాను ఖరీదూ, కూలీ. అంతే.

ఇప్పుడు మా ఆవిడ మోకాలు బాగా వంగుతోంది, నేనూ పార్కుకి వెళ్తున్నాను. మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

పటమట నుంచి పొద్దున్నే పార్కుకి రావాలని ఉండీ వాహనం లేని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఐదున్నరకి బయల్దేరతాను, కారులో చోటుంది.