తాతయ్య ముందు చూసేది పాదాలే

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు "మడమలు రెండూ బొబ్బలెక్కాయమ్మా, ఈ ఎన్‌సీసీ నా వల్ల కాదు, పేరు కొట్టించేసుకుంటా" అన్నప్పుడు నేను సరిగా మాట్లాడలేదు. పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశాను. పాలూ లేవు, ఏమీ లేవు. బొబ్బలు అనగానే మా నాన్న, అదే మీ తాతయ్య, గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. ఫోన్ చేస్తే మళ్ళీ పాలే పొంగుతాయి కాబట్టి ఇలా రాస్తున్నా.

ముందు ఒక మాట. మానాలనుంటే మానెయ్, నేనేమీ అనను. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ పిల్లలకి ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. 1968లో ఆ బలవంతం తీసేశారు. అలా తీసెయ్యడమే మంచిదైందనేవారు మీ తాతయ్య. "ఇష్టం లేనివాణ్ణి సావధాన్‌లో నిలబెట్టినా వాడి బొటనవేలు గేటు వైపే చూస్తుంటుంది" అని ఆయన లెక్క. మనుషుల్ని మొహం చూసి కాదు, కాళ్ళు చూసి అంచనా వేసేవారు. పెళ్ళిచూపులకి వచ్చిన మీ నాన్న చెప్పులు కూడా చూశారు. ఆ కథ మీ నాన్న చెబితేనే బావుంటుంది.

పోయిన నెల నువ్వు అడిగావు కదా, తాతయ్య యుద్ధంలో ఏం చేశారు, స్పీచ్‌కి కావాలి అని. నాకు తెలిసింది చాలా కొంచెం. మద్రాస్ రెజిమెంట్. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. 1971 డిసెంబర్‌లో పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. అందుకు వచ్చిన పశ్చిమీ స్టార్ మెడల్ ట్రంకు పెట్టెలో ఉంది. 'వీర మద్రాసీ, అడి కొల్లు' అని వాళ్ళ రెజిమెంట్ నినాదం, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని అరిచేవారు. యుద్ధం గురించి ఎంత తవ్వినా ఒక్కటే చెప్పేవారు: ఆ చలిలో రెండు వారాలు బూట్లు విప్పకుండా పడుకున్నామని, విప్పిన రోజు సాక్సు చర్మంతో పాటు ఊడొచ్చిందని. కుడికాలి చిటికెనవేలికి గోరుండేది కాదు. అది యుద్ధంలో పోయిందా అంటే "సర్వీసులో పోయింది" అనేవారు, సైకిల్ పోయినట్టు. స్పీచ్‌కి ఇది పనికిరాదేమో, చూసుకో.

నా చిన్నతనంలో ఆయన మాకు చుట్టమే. ఏడాదికి అరవై రోజుల యాన్యువల్ లీవు, ముప్పై రోజుల క్యాజువల్. అవైనా పూర్తిగా దొరికితే కదా. దొరికినా రానూ పోనూ రైలు కొంత తినేసేది. మిగతా రోజుల్లో ఆయనంటే మాకు ఉత్తరమే. కవరు మీద ఊరి పేరుండదు. నంబరు, ర్యాంకు, యూనిట్, 'కేరాఫ్ 56 ఏపీఓ', అంతే. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. మంచు కొండల్లో ఉన్నా ఇసుకలో ఉన్నా అదే అడ్రసు. అట్లాసులో 56 ఏపీఓ ఎక్కడుందో వెతికి, దొరక్క ఏడ్చాను ఒకసారి.

ఆ ఉత్తరాల్లో ప్రతి ఏడూ ఒకటి తప్పకుండా ఉండేది: "పాప పాదం గీసి పంపించు." మీ అమ్మమ్మ నన్ను కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసేది. చక్కిలిగిలి పెట్టి కాలు కదిపితే మళ్ళీ మొదటి నుంచి. లీవుకొచ్చేటప్పుడు ఆర్మీ క్యాంటీన్ నుంచి బూట్లు తెచ్చేవారు. అవి ఎప్పుడూ ఒక సైజు పెద్దవే. ముందు భాగంలో కాగితం ఉండ దోపి వేసేవారు. గీసిన పాదానికీ, ఆయనొచ్చేటప్పటి పాదానికీ మధ్య ఎంత పెరుగుతానో ముందే లెక్కేసుకునేవారట. నాకప్పుడు ఆ సంగతి తెలీదు. సరైన సైజు కూడా తేలేడని విసుక్కునేదాన్ని.

తర్వాత హవల్దారుగా ఎన్‌సీసీ బెటాలియన్‌కి పీఐ స్టాఫ్‌గా పోస్టింగ్ వచ్చింది. మీకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ ఉన్నారు చూడు, అదే ఉద్యోగం. అప్పుడు మేం ఆయనతో ఉన్నాం. ఉన్నాం అనడమే కానీ, తెల్లారకముందే గ్రౌండుకి పోయేవారు. నేనూ వెంటపడి వెళ్ళి గోడ మీద కూర్చునేదాన్ని. సావధాన్‌లో మడమలు కలిసి వేళ్ళ మధ్య 30 డిగ్రీలు, విశ్రామ్‌లో పాదాల మధ్య 12 అంగుళాలు, తేజ్ చల్‌లో, అంటే కవాతు నడకలో, అడుగుకి 30 అంగుళాలు. ఇవన్నీ ఎక్కాల కంటే ముందు వచ్చాయి నాకు. అడుగులు కొలిచే కర్ర, పేస్ స్టిక్, తిప్పుతూ ఆయన నడుస్తుంటే నేలని బట్టలా కొలుస్తున్నట్టుండేది. పరేడ్ అయ్యాక క్యాడెట్లని వరసగా కూర్చోబెట్టి బూట్లు విప్పించేవారు. ఒక్కొక్కడి కాలూ తన మోకాలి మీద పెట్టుకుని వేళ్ళ సందులు చూసేవారు. గొప్పింటి పిల్లాడైనా అంతే, చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లాడైనా అంతే.

నాకు ఒళ్ళు మండిపోయేది. నా కాలు కాగితం మీద చూసిన మనిషి, ఎవరి పిల్లల కాళ్ళో ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. ఆ కోపం చాలా ఏళ్ళు ఉంది బుజ్జీ, నీతో అబద్ధం ఎందుకు.

రిటైరయ్యాకా మానలేదు. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్ళే కుర్రాళ్ళని హైస్కూల్ గ్రౌండులో పరిగెత్తించేవారు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే వందలో 60 మార్కులు అక్కడే. కానీ కొత్తగా వచ్చినవాణ్ణి ముందు పరిగెత్తనిచ్చేవారు కాదు. పాదం తడిపి మా అరుగు మీద అడుగు వెయ్యమనేవారు. మధ్యలో వంపు కనబడితే సరే. అరికాలు మొత్తం అచ్చు పడితే చదును పాదం, మెడికల్‌లో తీసేసే ప్రమాదం ఉంది. ఒక కుర్రాడి అచ్చు అలాగే పడింది. రెండేళ్ళుగా దాని మీదే ఆశ పెట్టుకున్నాడట. తడి ఆరిపోయేదాకా ఇద్దరూ ఆ అచ్చునే చూస్తూ కూర్చున్నారు. తర్వాత వాడికి వేరే పరీక్షల పుస్తకాలు తెచ్చిపెట్టింది ఈయనే. నా డిగ్రీ రిజల్ట్ వచ్చినప్పుడు మాత్రం "శాబాష్" ఒక్క మాట!

కోపం ఎప్పుడు పోయిందో కూడా చెప్తాను. అమ్మమ్మకి షుగర్ ముదిరి అరికాళ్ళు మొద్దుబారాక, రాత్రి పడుకోబోయే ముందు టార్చి పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చునేవారు. ముల్లు దిగినా ఆవిడకి తెలీదు కాబట్టి ఈయన చూడాలి. వేళ్ళ సందులు తుడిచి, మడమ పగుళ్ళకి మందు రాసి, "ఇన్‌స్పెక్షన్ ఓకే" అనేవారు. ఆవిడ "చాల్లెండి సంబడం" అని కాలు లాక్కునేది. పదకొండేళ్ళు, ఒక్క రాత్రి తప్పకుండా. సెలవుకొచ్చి ఒకసారి గుమ్మంలో నిలబడి అది చూశాను. లోపలికి వెళ్ళలేదు.

మార్చికి నాన్న పోయి ఏడాది. మొన్న ట్రంకు పెట్టె తీశాను. మెడల్ కింద బ్రౌన్ కవరు. అందులో నా పాదాలు, తొమ్మిది కాగితాలు. ప్రతిదాని మీదా తారీకు, బొటనవేలి ముందు ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీసుకున్న ఇంకో గీత. అంత వరకు పెరుగుతానని అన్నమాట. రెండు చోట్ల నేను కాలు కదిపిన వంకర అలాగే ఉంది.

సరే, నీ సంగతి. బొబ్బలు సూదితో పొడవకు. సాక్సు తడిస్తే వెంటనే మార్చు. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకో. కొత్త బూట్లు ఏకంగా పరేడ్‌కి వెయ్యకు, సాయంత్రం హాస్టల్లో గంటసేపు వేసుకుని తిరుగు. అసలు సైజు నువ్వే తప్పు చెప్పి ఉంటావు, నీ చెప్పుల సైజే చెప్పావు కదూ? వేరే జత నేను కొని పంపిస్తాను. ఉంటావో మానేస్తావో తర్వాత చూద్దాం. తెల్లకాగితం నేల మీద పెట్టి, మందం సాక్సు వేసుకుని, బరువంతా మోపి నిలబడు. మీ రూమ్మేట్‌ని పెన్సిల్ నిటారుగా పట్టుకుని గీయమను. పొద్దున కాదు, సాయంత్రం గీయించు. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్ళూ గీయించు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకు, కొలత తేడా వస్తుంది. కాగితమే పోస్టులో పంపు.

మీ అమ్మ