హైడ్రాలిక్ హోసులకు అతుకులు ఆపించండి: పరిశ్రమల భద్రత శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

హైడ్రాలిక్ హోసులు, అంటే మెషిన్లలో నూనెను ఒత్తిడితో మోసే గొట్టాలు, కట్టే పనివాళ్లం రాస్తున్నాం. హోస్ కారితే చాలామంది మెషిన్ యజమానులు అడిగేది ఒకటే: కారే చోట కోసి మధ్యలో జాయింట్ వేయమని. కాదన్న షాపు ఆ పని పోగొట్టుకుంటుంది, సరేనన్న షాపుకు దక్కుతుంది. దీన్ని మా మధ్య మేము సరిచేసుకోలేం, నిబంధన కావాలి.

అర అంగుళం 2ఎస్‌ఎన్ హోస్‌ను, అంటే రెండు తీగ అల్లికలున్నదాన్ని, 275 బార్‌ ఒత్తిడి వరకు వాడొచ్చు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). కొత్తది 1,100 బార్ వరకు పగలకుండా తట్టుకోవాలి. ఈ నాలుగింతల భరోసా పాతబడ్డ హోస్‌కు ఉండదు. వేడి నూనెకు లోపలి రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. పైతొడుగు అరిగిన చోట తడి చేరి తీగ తుప్పు పడుతుంది. ఒకచోట కారిందంటే మిగతా పొడవు కూడా అదే వేడి తిన్నది. అందులో జాయింట్ పెడితే, వంగాల్సిన చోట ఇనుప ముక్క బిగుసుకుని దాని అంచుల దగ్గర తీగలు తెగుతాయి. జాయింట్‌ను పైనుంచి బిగించే క్లిప్పు, నూనె ట్యాంకుకు తిరిగొచ్చే తక్కువ ఒత్తిడి రిటర్న్ లైన్‌కు సరిపోవచ్చు, ఎక్కువ ఒత్తిడితో నూనె వెళ్లే ప్రెషర్ లైన్‌కు మాత్రం పనికిరాదు.

సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె 7 బార్ ఒత్తిడికే చర్మంలోకి దూసుకెళ్లగలదు. గాయం చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు. కారుతున్న చోటును చేత్తో తడమకుండా అట్టముక్కతో వెతకాలని ప్రతి మెషిన్ మీదా రాయించండి.

ప్రెషర్ లైన్లలో అతుకులనూ, ఒకసారి క్రింప్ చేసిన, అంటే హోస్ చివర నొక్కి బిగించిన, ఫిట్టింగ్‌ను మళ్లీ వాడటాన్నీ నిషేధించండి. హోస్ ఒక కంపెనీది, ఫిట్టింగ్ మరొకరిది అయితే, ఆ జతకు ఇద్దరిలో ఎవరో ఒకరి ఆమోదం ఉంటే తప్ప క్రింప్ కొలతల పట్టిక వర్తించదు. దీన్ని కూడా తనిఖీలో చేర్చండి. క్రింప్ వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, వాడే ఒత్తిడికి రెండింతలు పెట్టి పరీక్షించాకే, ఫిట్టింగులు బిగించిన హోస్ షాపు దాటాలి. దానికి తేదీ, ఒత్తిడి, కట్టిన షాపు గుర్తు ఉన్న ట్యాగ్ ఉండాలి.

ఇక బాధ్యత సంగతి. క్రింప్ ఊడితే షాపును అడగండి. మెలి తిప్పి బిగించినా, కనీస వంపు వ్యాసార్థం కంటే తక్కువ వ్యాసార్థానికి వంచినా బిగించినవారిని అడగండి. మార్చాలని షాపు రాసిచ్చాక కూడా పాత హోస్‌తోనే నడిపితే జవాబు యజమానే చెప్పాలి. ఆ రాతకు ఒక అధికారిక ఫారం ఇప్పించండి. దాని నకలు మెషిన్ రికార్డులో ఉండాలని, తనిఖీ అధికారి ముందుగా దాన్నే చూడాలని మా విన్నపం.

ఇట్లు,
హైడ్రాలిక్ హోస్ పనివారు