బండి ఆగిన చోటే చూడమన్న మాస్టారికి, కొలిచి చెప్పిన అక్కకి

మూడు నెలలుగా సతాయిస్తున్న బండి మొన్న ఆదివారం రెండు గంటలు ఏకబిగిన నడిచింది. ఇంజన్ ఆపి, అది ఇంకా వేడిగా ఉండగానే మళ్లీ సెల్ఫ్ కొట్టాను. వెంటనే అందుకుంది. ఆ చప్పుడు విన్నాక నాకు నోట మాట రాలేదు. ఇది నా ఒక్కడి వల్ల అయిన పని కాదు. ఎవరి వల్ల అయిందో అందరికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

బండి జీఎంసీ సీసీకేడబ్ల్యూ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఐదు లక్షలకు పైగా తయారైన రెండున్నర టన్నుల ట్రక్కు. నాది 1943 నాటిది. 270 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 6 వోల్టుల కరెంటు. 1944లో ఫ్రాన్స్‌లో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే సైనిక సరఫరా లారీల వరస కింద రాత్రింబవళ్లు పెట్రోలు, మందుగుండు మోసినవి ఎక్కువగా ఈ బండ్లే. అలాంటిది నా దగ్గర ఇరవై నిమిషాలకే చతికిలబడుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టయ్యేది. ఇరవై నిమిషాలకు పికప్ తగ్గేది, తర్వాత మిస్సింగ్ (ఇంజన్ తడబడుతూ నడవడం), ఆపైన ఆగిపోయేది. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ నడిచేది. చూసిన ప్రతివాళ్లూ వేపర్ లాక్ అన్నారు, పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని. నేనూ అదే నమ్మాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. ఫ్యూయల్ పంప్ డయాఫ్రం మార్చాను. ట్యాంకు దించి శుభ్రం చేశాను. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపాను. స్పార్క్ కోసం కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే పాయింట్లు, వాటికి తోడుగా ఉండే కండెన్సర్ ఈమధ్యే కొత్తవి వేసినవి కాబట్టి అటువైపు కన్నెత్తి చూడలేదు.

సైన్యంలో ఏళ్ల తరబడి బండ్లు బాగుచేసి రిటైరైన మాస్టారికి ఫోన్ చేసింది అప్పుడే. చేసినవన్నీ ఏకరువు పెట్టాను. ఓపిగ్గా విని, "అవన్నీ సరే బాబూ, బండి ఆగిన క్షణాన ఏం చూశావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆగిన ప్రతిసారీ షెడ్డుకు లాగించుకొచ్చి, చల్లారాక విప్పడం మొదలుపెట్టేవాణ్ని. అప్పటికి జబ్బు ఉండేదే కాదు.

మర్నాడు ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నారు. అనుకున్నట్టే బండి ఆగింది. వెంటనే బానెట్ ఎత్తించి, ఎయిర్ క్లీనర్ గొట్టం ఊడదీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ చేత్తో కదపమన్నారు. కదిపినప్పుడల్లా లోపల సన్నటి పెట్రోల్ ధార చిమ్మింది. "పెట్రోలు వస్తోంది కదా, ఇక దాని జోలికి పోకు" అన్నారు. మూడు నెలల నా అనుమానం అర నిమిషంలో తీరిపోయింది.

తర్వాత గొట్టం బిగించి, చిందిన పెట్రోలు తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగమన్నారు. ఈ విషయంలో ఆయన చాలా కచ్చితం. పెట్రోలు వాసన ఉండగా స్పార్క్ పరీక్ష చేయనివ్వరు. ఆ తర్వాత కాయిల్ (స్పార్క్‌కు కావలసినంత వోల్టేజీ పెంచే తీగచుట్ట) నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ (దాన్ని ఒక్కో సిలిండర్‌కు పంచేది) మూత నుంచి లాగి, ఇన్సులేషన్ ఉన్న పటకారతో ఇంజన్ బ్లాకుకు పావు అంగుళం దూరంలో పట్టించారు. సెల్ఫ్ ఆయన కొట్టారు. నీలంగా, చిటుక్కుమంటూ దూకాల్సిన స్పార్క్ నారింజ రంగులో, వెంట్రుక మందాన, ఒకటి పడి ఒకటి మానుతూ వచ్చింది.

నేను తీసి డబ్బాలో పడేసిన పాత కండెన్సర్‌ను అక్కడే బిగించారు. బండి చల్లారకుండానే స్టార్టయింది! కొత్తది కదా అని నేను నమ్మిన కండెన్సర్ వేడెక్కగానే చేతులెత్తేస్తోందన్నమాట. అయితే నలభై నిమిషాలకు మళ్లీ మిస్సింగ్ మొదలైంది. "ఇంకోటేదో ఉంది, కాయిల్ దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలువు" అని చెప్పి వెళ్లారు.

ఇక్కడే అక్క సాయం. ఆమె దగ్గరా ఇదే మోడల్ ఉంది. రాత్రి ఫోన్ చేస్తే, అప్పటికప్పుడు టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్లి తన బండి మీద కొలిచి చెప్పింది. కీ ఆన్ చేసి, పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్ మీద తనకు 5.9 వోల్టులు వచ్చాయి. నాకు 4.8. బ్యాటరీలో మాత్రం 6.2 ఉంది. "తమ్ముడూ, 6 వోల్టుల బండిలో ఒక వోల్టు పోవడమంటే ఆరో వంతు పోయినట్టే, వైరు వెంబడి ఒక్కో కనెక్షన్ కొలుచుకుంటూ రా" అంది. కాయిల్ వేడెక్కే కొద్దీ రాగి తీగ రెసిస్టెన్స్ పెరుగుతుందని, 50 డిగ్రీలు పెరిగితే దాదాపు ఐదో వంతు ఎక్కువవుతుందని కూడా తనే చెప్పింది. అసలే తక్కువగా వస్తున్న కరెంటు వేడికి ఇంకా తగ్గుతోంది. చల్లగా ఉంటే నడిచి, వేడెక్కితే ఆగడం ఎందుకో అప్పుడు అర్థమైంది.

కొలుచుకుంటూ పోతే ఇగ్నిషన్ స్విచ్, అమ్మీటర్ టెర్మినళ్ల దగ్గర 0.8 వోల్టులు పోతున్నాయి. మిగతా 0.6 ఎర్త్ వైపు, అంటే కరెంటు ఇంజన్ ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో పోతోంది. డిస్ట్రిబ్యూటర్‌కు నేను ఎంతో ఇష్టంగా కొత్త రంగు వేసి, బ్లాకులో కూర్చునే చోట కూడా రంగు వదలకుండా బిగించాను. ఆ రంగే ఎర్త్‌కు అడ్డుపడింది. ఎమరీ కాగితంతో గీకి, ఇనుము మెరిసేదాకా తుడిచి బిగించాను. టెర్మినళ్లు శుభ్రం చేసి, పాత వైరు తీసేసి లావుది వేశాను. కాయిల్ మీద 6 వోల్టులు చూపించింది. అక్క పరీక్షించి పంపిన కండెన్సర్ వేశాక మాస్టారు మళ్లీ వచ్చి స్పార్క్ చూశారు. చిటుక్కుమంది, నీలంగా.

మాస్టారూ, ఎండలో రోడ్డు పక్కన నిలబడి మీరు చూపించింది జన్మలో మరచిపోను. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు కాబట్టి ఎత్తను. వచ్చే ఆదివారం బండి మీ గుమ్మం ముందు ఆగుతుంది, స్టీరింగ్ మీరే పట్టాలి. అక్కా, నీ కండెన్సర్‌కు బదులు కొలిచి చూసినవి రెండు పంపిస్తున్నాను. ఆ రాత్రి నీ నిద్ర చెడగొట్టినా విసుక్కోకుండా, రెండోసారి కూడా వెళ్లి కొలిచావు. నీకు చాలా రుణపడి ఉన్నాను. వెనక యాక్సిల్ దగ్గర ఆయిల్ లీకు ఇంకా ఉంది, దానికోసం మళ్లీ ఫోన్ చేస్తాను.