బాటర్‌సీ వానలో ఆదుకున్న ఆవిడకి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ అంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణం. పాటలెంత ఇష్టమో రికార్డుల అట్టబొమ్మలూ అంతే. 1977లో వచ్చిన వాళ్ల ‘యానిమల్స్’ ఎల్పీ రికార్డు, చనిపోయిన మా అన్నయ్య నాకిచ్చిన గుర్తు. లండన్‌లో బాటర్‌సీ పవర్ స్టేషన్ ముందు, ఆ అట్ట మీదున్న నాలుగు పొగగొట్టాలూ కనబడేలా దాంతో ఫొటో దిగాలని వెళ్లాను. ఉన్నట్టుండి కుండపోత. సంచీ చిరిగి ఎల్పీ నీళ్లలో పడింది. ఏడుపొచ్చేసింది.

పక్క కాఫీ షాపులోంచి ఒక పెద్దావిడ పరుగున వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లారు. ముందు రికార్డు బయటికి తీశారు. అట్టని రుద్దలేదు, రుద్దితే రంగు లేచిపోతుందన్నారు. టిష్యూలతో మెల్లగా అద్దారు. మడత మధ్య పొడి కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చారు, షాపు నిండా జనం ఉన్నా సరే. ఆ పని చేస్తూనే, 1976 డిసెంబరులో ఇదే అట్టకి ఫొటోలు తీస్తుంటే తాడు తెంపుకుని కెంట్ జిల్లా దాకా ఎగిరిపోయిన, గాలి నింపిన పెద్ద పందిబొమ్మ కథ చెప్పి నన్ను నవ్వించారు. వేడి టీ ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, పేరడిగితే నవ్వి ఊరుకున్నారు.

అంచున చిన్న మరక మిగిలింది, అంతే. లోపల అన్నయ్య రాసిన అక్షరాలు చెదరలేదు. అమ్మా, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.