హంటర్ రోడ్డు ఇస్త్రీ బండి కాకకు దండాలు

రాత్రి పదకొండు దాటింది. పిల్లలు సామాను మూటల నడుమనే చాప ఏసుకొని పండుకున్నరు. ఫ్యాన్లు ఇంకా రెండే బిగించినం. బయట వాన. ఈ వరంగల్‌ల మాకు ఇదే మొదటి వాన. ఇంతకుముందే లేచి గేటు దాకా పోయి చూసొచ్చిన. గల్లీల నీళ్లు నిలవలే, సప్పుడు చేసుకుంట కిందికి జారిపోతున్నయి. అది చూసి లోపటికి రాంగనే ఏడుపొచ్చింది. నడుము విరిగినట్టే ఉన్నది, కండ్లు మూతలు పడుతున్నయి. అయినా ఈ ఇల్లు చూపించిన ఇస్త్రీ బండి కాక గురించి ఇయ్యాలనే రాయాలె. రేపైతే గ్యాస్ బండ, పిల్లల టీసీలు, నా డ్యూటీ అనుకుంట అట్లనే పోతది.

మేము మంచిర్యాల నుంచి వచ్చినం. నాకు గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కుల ఉద్యోగం దొరికింది. మా ఆయన పని సికింద్రాబాద్‌ల, సోమవారం పొద్దున పోయి శుక్రవారం రాత్రి వస్తడు, కాజీపేట స్టేషన్ దగ్గరుంటే ఆయనకు మంచిది. పిల్లల స్కూలు హనుమకొండల. మా అమ్మకు రెండు మోకాళ్లు అరిగినయి, మెట్లెక్కలేదు, కింది పోర్షనే కావాలె. దూరం నుంచి చూసేటోళ్లకు వరంగల్ అంటే ఒక్క ఊరు. ఇల్లు వెతికితే తెలుస్తది, కాజీపేట, హనుమకొండ, వరంగల్ అని మూడు ఊర్లు ఒక్క దారానికి గుచ్చినట్టున్నయి. రైలు పట్టాల మీద కాజీపేటకు, వరంగల్‌కు నడుమ పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్లల్ల ఎక్కడ దిగాలె అన్నదే మా ఇంట్ల నెల రోజుల లొల్లి. కాజీపేట దిక్కు ఫాతిమానగర్‌ల ఉంటే నేను తెల్లారక ముందే లేచి మూడు ఊర్లు దాటి పోవాలె. వరంగల్ దిక్కు కాశిబుగ్గల ఉంటే నాకు సుఖం, పిల్లలు ఆటోల నలిగిపోతరు. నడిమిట్ల ఉందామని సుబేదారి, బాలసముద్రం దిక్కు అడిగితే, మా జీతాలు విని ఇంటోళ్లే జాలిపడ్డరు.

నేను పుట్టి పెరిగింది శ్రీరాంపూర్‌ల, సింగరేణి క్వార్టర్ల. కిరాయి ఇల్లు ఎట్ల చూడాల్నో నాకెవరు నేర్పలే. ఎండ పడతదా, నల్లా ఎప్పుడొస్తది, బోరు ఉన్నదా, ఇవే అడిగిన. నీళ్లు వస్తయా అని అడిగిన గని, నీళ్లు ఇంట్లకొస్తయా అని అడగాల్నని నాకు తెల్వదు.

మూడు ఆదివారాలు, పంతొమ్మిది ఇండ్లు. టూలెట్ బోర్డు కింద నిలబడి ఫోన్ చేస్తే మొదటి మాట "ఎంతమంది?", రెండో మాట "మీరేందోళ్లు?". కిరాయి ఎంతనో చెప్పకముందు కులం చెప్పాలె. ఒకాయన ఇల్లంత చూపించి, అమ్మ కర్ర పట్టుకొని నడుస్తదని చెప్పంగనే "ముసలోళ్లుంటే కష్టమమ్మా" అన్నడు. ఆయన వయసు డెబ్బై ఉంటది! ఒక బ్రోకర్ ఫోన్ల చూపిన ఇల్లు ఒకటి, తీసుకపోయి చూపిన ఇల్లు ఇంకొకటి. ఏదైనా కుదిరితే మాత్రం ఒక నెల కిరాయి ఆయనకు.

ఇరవయ్యో ఇల్లు హంటర్ రోడ్డు దాపున దొరికింది. మూడు అర్రలు, కొత్త రంగులు, ముందట జామచెట్టు, కిరాయి ఎనిమిదిన్నర వేలు. అందరికీ సగం దూరం. ఓనర్ కూడా మంచిగ మాట్లాడిండు, చల్లటి మజ్జిగిచ్చిండు. "సాయంత్రం లోపు ఇరవై వేలు అడ్వాన్స్ ఇయ్యకుంటే ఇంకో పార్టీ ఉన్నదమ్మా" అన్నడు. ఏటీఎంకు పోయి పైసలు తెచ్చుకొని వస్తుంటే ఎండకు కండ్లు తిరిగి, గల్లీ మూలకున్న యాపచెట్టు కింద నిలబడ్డ. అక్కడ ఒక ఇస్త్రీ బండి.

కాకకు అరవై దాటి ఉంటయి. బొగ్గుల పెట్టెతోని తెల్ల అంగీ చేస్తున్నడు, కాలర్ నుంచి మొదలువెట్టి. తల ఎత్తకుండనే కుండ దిక్కు చెయ్యి చూపిండు. నీళ్లు తాగిన. "ఏ ఊరు బిడ్డా?" అన్నడు. చెప్పిన. "ఇంట్ల ఎవరెవరుంటరు?" చెప్పిన. అమ్మ మెట్లెక్కలేదు అన్నప్పుడు ఇస్త్రీ పెట్టెను నిలబెట్టిండు. గల్లీకి అటు ఇటు చూసిండు. బండిని జరంత పక్కకు నూకిండు.

బండి ఎనుక గోడ మీద బొగ్గుతోని గీసిన మూడు గీతలున్నయి. "కిందిది 2020 ఆగస్టుది. ఇది 2025 అక్టోబర్‌ల మొంథా తుఫాన్ వచ్చింది చూడు, దానిది. ఈ మీదిది 2023 జులైది." మీది గీత నా ఛాతి కాడికి వచ్చింది. ఆ గోడకు రెండుసార్లు సున్నమేసి కప్పేసిండ్రట, రెండుసార్లు ఈయన మళ్ల గీసిండు. "పో, ఆ ఇంట్ల కరెంట్ మీటర్ ఏడున్నదో చూసి రా. దర్వాజ చెక్క కింద చూడు. గూట్ల మూలకు చూడు. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు, ఆ సారు బట్టలు నా కాడికే వస్తయి."

ఇంకోసారి కొలతలు చూసుకుంట అని చెప్పి లోపటికి పోయిన. మీటర్ నా తల కన్న పైనున్నది. దాని కింద నడుమెత్తున నాలుగు స్క్రూల తొర్రలు, పుట్టీ పెట్టి రంగేసినవి. పొద్దున అదే గోడను చూసి రంగు మంచిగున్నదనుకున్న. దర్వాజకు కింద మూరెడు కొత్త చెక్క అతికిచ్చి ఉన్నది. గూట్ల కింది అర మూలకు గోరుతోని గీకితే సన్నటి బురద, ఎండి పొడి అయింది, గోట్లకొచ్చింది. ఆ గోరు చూసుకుంట బయటికొచ్చిన. ఇంటికి పోయినంక ఫోన్ చేస్త అని ఓనర్‌కు చెప్పిన.

కాక అప్పుడు చెప్పిండు. బొందివాగు నాలా హంటర్ రోడ్డు దాటి పోయి భద్రకాళి చెరువుల కలుస్తది. కాకతీయుల కాలంనాటి గొలుసుకట్టు చెరువుల ఊరు ఇది, ఒకటి నిండితే ఇంకోదానికి దారి ఉండాలె. ఆ దార్లల్లనే మన ఇండ్లున్నయి, నీళ్లు ఎటు పోవాలె? 2023 జులైల భద్రకాళి కట్టకే గండి పడ్డది. ఆ రోజు ఈయన బండి మీద గిరాకోళ్ల బట్టలు నలభై జతలున్నయట. అన్ని మూటగట్టి నెత్తిన పెట్టుకొని ఎదురింటి డాబా మీదికి ఎక్కించిండు. తిరిగొచ్చేసరికి ఆయన ఇంట్ల బియ్యం, మంచం, మనుమరాలి పుస్తకాలు నీళ్ల పాలైనయి. బట్టలు మాత్రం ఒక్కటి తడవలే అని చెప్పుకుంట నవ్విండు.

"ఊరు పేరు చూడు బిడ్డా. చివర కుంట అన్నరా, చెరువు అన్నరా, ఆలోచించు. గుట్ట అన్నరా, జర నయం. పేరొక్కటే చూసి మోసపోకు, గుట్ట కింద గూడ మోరీ ఉంటది. ఇంటోన్ని అడగకు. పాలాయన్ను అడుగు, కరెంటాయన్ను అడుగు, వానల ఏ ఇంటికి పోలేకపోయిండ్రో వాళ్లకే తెలుసు." ఇల్లు వెతికేటోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే ఈ ముక్క రాసుకోండ్రి. నేను ఒక ఆఫీసుకు పోయి ఏ కాలనీల ఎన్ని అడుగుల నీళ్లొచ్చినయని అడిగితే "సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకో" అన్నరు. ఇంటి నంబరిస్తరు, పన్ను కట్టించుకుంటరు, కరెంటిస్తరు. వరదొచ్చినంక అది నాలా జాగ అంటరు. ముందే ఒక బోర్డు పెడితే ఏం పోతది? నాకు దొరికిన రికార్డు గోడ మీద బొగ్గు గీతలే. సరే, ఇది కృతజ్ఞత రాయనీకె కూర్చున్న, తిట్లు ఇంకోసారి.

మరునాడు పొద్దున కాకనే ఫోన్ చేసి రమ్మన్నడు. బొగ్గుల మీద బూడిద కప్పి, బండికి పట్టా కట్టి, నా ఆటోల కూసున్నడు. ఒకప్పుడు ఆయన బట్టలు చేసిన టీచరమ్మ ఇల్లు, ఇప్పుడు రిటైరైంది. ఏ కాలనీ అని రాయను, పేరు చివర గుట్ట ఉన్నది. రోడ్డు నుంచి ఎత్తుగ కట్టిన ఇల్లు, మూడే మెట్లు, పక్కకు పట్టుకోనీకె ఇనుప పైపు. మా అమ్మ కోసమే బిగిచ్చినట్టున్నది. టీచరమ్మ పదకొండు వేలు అన్నది. నన్ను పైకి కిందికి చూసి, "ఎవరీ అమ్మాయి, నీకేమైతది?" అని కాకను అడిగింది.

"నా బిడ్డ" అన్నడు. ఆగలే, ఆలోచించలే. "మా ఇంటి మనిషి. నేను జిమ్మ, పూచీ నాది."

ఇగ ఆమె ఇంకేం అడగలే. మీరేందోళ్లని అడగలే, ముసలామె ఉంటదా అని అడగలే. తొమ్మిదిన్నరకు ఒప్పుకున్నది. బయటికొచ్చి ఆటో ఎక్కినంక కాక నా దిక్కు తిరిగి, "అవునుగని బిడ్డా, నీ పేరేంది?" అన్నడు.

నేను ఆటోలనే ఏడ్చిన. మా బాపు పోయి ఏడాదైంది. అప్పటి సంది నా కోసం జిమ్మ అని ఒక్కరు అనలే. పేరు తెల్వకుండ అన్నడు ఈయన. ఐదు వందల నోటు చేతుల పెట్టబోతే, "నన్ను బ్రోకర్‌ను చేస్తున్నవా?" అని కోపం చేసిండు. చాయ్ తాగిండు, అంతే. ఆ పూట ఆయన గిరాకి పోయింది. మా కొత్తిల్లు ఆయన బండికి ఎంత దూరమంటే, మా అంగీలు ఒక్కటి గూడ ఆయన కాడికి పోవు. ఆ హంటర్ రోడ్డు ఓనర్‌కు తెలిస్తే ఉన్న గిరాకి గూడ పోతది. అందుకే పేరు రాస్తలేను, ఫోటో పెడుతలేను. ఆయన గూడ వద్దన్నడు.

ఇయ్యాల సామాను దించుతుంటే మబ్బు పట్టింది. తొమ్మిదింటికి వాన మొదలైంది. పది నిమిషాలకు కాక ఫోన్. "నీళ్లొచ్చినయా బిడ్డా?"

"రాలే కాకా. మీ దిక్కు?"

"చూస్తున్నం. బండి పైకి నూకిన."

ఎందుకు అక్కడనే ఉంటవు కాకా అని మొన్న అడిగితే, బండి ఏడుంటే గిరాకి ఆడనే బిడ్డా అన్నడు. నాకు చెప్పినన్ని గుట్టలు ఊర్ల ఉన్నయి గని, ఆయన బతుకుదెరువు ఆ గల్లీల ఉన్నది. పదకొండున్నరకు ఇంకోసారి ఫోన్ చేద్దామనుకుంటున్న. పండుకున్నడో ఏమో.

మా ఆయన, మా అన్న, వదిన రెండు రోజుల సంది నిద్ర లేకుండ సామాను కట్టిండ్రు, మోసిండ్రు. వాళ్లకు తెలుసు. అత్తమ్మ జొన్న రొట్టెలు చేసి పంపింది. సరిగ్గ సమయానికొచ్చినయి.

అయ్యో, సామాను తెచ్చిన డీసీఎం బండి డ్రైవర్ అన్నను మర్చిపోయిన. అమ్మ కుట్టు మిషన్ కాలు దార్ల విరిగిందని తనే దిగి తాడుతోని కట్టిండు. పక్కింటి అక్క, పేరు గూడ అడగలే, రెండు బకెట్ల మంచినీళ్లు, ఒక చార్జర్ ఇచ్చింది. చార్జర్ నా దగ్గర్నే ఉన్నది, పొద్దున ఇస్త అక్కా. మంచిర్యాల స్కూల్ల టీసీ కోసం మూడు గంటలు కూర్చుంటే చాయ్ పోసిన ఆయమ్మకు గూడ. ఇంకా ఆ ఆటో తమ్ముడు, నేను ఏడుస్తుంటే ఎనకకు తిరిగి చూడకుండ నడిపిండు.

ఇంకెవర్నన్న మర్చిపోతే ఏమనుకోకుండ్రి. ఇప్పుడే కరెంట్ పోయింది, ఫోన్ల ఏడు శాతమున్నది, కాకకు ఫోన్ చేయాలె.