కొండ మీద పొయ్యి వద్దు

సంపాదకునికి,

శని, ఆదివారాలు వస్తే చాలు, కుర్రాళ్లు బైకులేసుకుని కొండపల్లి ఖిల్లాకో మూలపాడు అడవికో బయల్దేరుతున్నారు. గుంటూరు వాళ్లకు కొండవీడు ఉండనే ఉంది. వెళ్లనివ్వండి, మంచిదే. బెజవాడ ఎండల్లో కాస్త గాలి ఆడే చోటు ఇంకెక్కడుంది కనుక! నా అభ్యంతరమల్లా బ్యాగులో మసాలా పట్టించిన చికెన్‌తో పాటు వెళ్తున్న అగ్గిపెట్టె మీదే.

ఈమధ్య దారి పక్కన వాళ్లు వదిలేసిన పొయ్యి ఒకటి చూశాను. మూడు రాళ్లు, సగం కాలిన కర్రలు, చుట్టూ పేపరు ప్లేట్లు. పైన గుప్పెడు మట్టి చల్లి, మిగిలిన కూల్‌డ్రింకు పోసి చేతులు దులుపుకున్నట్టున్నారు. పుల్లతో కదిపితే అడుగున నిప్పు కణకణలాడుతోంది. పక్కనే మోకాలెత్తు ఎండుగడ్డి. ఉన్న నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోస్తే గానీ వేడి తగ్గలేదు. మట్టి కప్పినంత మాత్రాన నిప్పు ఆరిపోదు, గాలి తగిలితే మళ్లీ రాజుకుంటుంది. బూడిద చేతికి చల్లగా తగిలినప్పుడే ఆరినట్టు లెక్క.

వనభోజనాలు మనకు కొత్త కాదు. కానీ కార్తీకంలో పెట్టిన పొయ్యి వేరు, ఫాల్గుణంలో పెట్టిన పొయ్యి వేరు. కార్తీకంలో నేలలో ఇంకా వానల తడి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఈ కొండల మీద చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి, అడుగేస్తే గలగలమంటుంది. పైగా అది ఏటవాలు నేల. మంట పైకి పాకుతూ ముందున్న గడ్డిని సెగతోనే ఎండబెట్టుకుంటూ పోతుంది. దానికంటే ముందు పరుగెత్తడం మనిషి వల్ల అయ్యే పని కాదు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు 20 మందికి పైగా కార్చిచ్చులో చిక్కి చనిపోయారు.

‘గడ్డేగా కాలింది, వాన పడితే అదే పచ్చబడుతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, నిజమే. మాడిపోయేది మొలకలు, చిన్న మొక్కలు. కొండపల్లి బొమ్మకు చెక్క ఇచ్చే తెల్ల పొణికి అసలే అరుదైపోయింది. బొమ్మల కాలనీ వాళ్లు చెక్క కోసం తిప్పలు పడుతుంటే, మనం చికెన్ ముక్కల కోసం రేపటి చెట్లను కాల్చుకోవడం ఏం న్యాయం?

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి చెప్పే బోర్డు పక్కనే సెల్ఫీలు దిగుతున్నారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను కనిపెట్టి ఫోన్లకు మెసేజీలు పంపుతోంది. మంచి ఏర్పాటే. కానీ ఉపగ్రహం కంట పడేసరికి అది పొయ్యి దశ దాటిపోయి ఉంటుంది.

అలిపిరిలో సిగరెట్లు, మద్యం కొండపైకి పోనివ్వరు. ఇక్కడా వేసవిలో కొండ ఎక్కే దారి మొదట్లోనే అగ్గిపెట్టెలు, లైటర్లు, గ్యాస్ స్టవ్‌లు తీసుకుని టోకెన్ ఇవ్వాలి. వండుకు తినాలన్న సరదా ఉన్నవాళ్లకు కింద చదును చేసిన చోట నాలుగు సిమెంటు పొయ్యి దిమ్మెలు, ఓ నీళ్ల కుళాయి, ఇసుక బకెట్లు పెడితే సరిపోతుంది. చోటు చూపించకుండా ఊరికే వద్దంటే వీళ్లు చాటుగా చెట్ల మధ్యకు పోతారు, అది ఇంకా ప్రమాదం. పొగ కనిపిస్తే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలని అక్కడే పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ ఏర్పాట్లు ఈ వేసవిలోనే కొండపల్లి, కొండవీడుల్లో మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా అటవీ అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ