పచ్చళ్ల వ్యాపారానికి కాగితాలు కష్టం కాదు, చెప్పేవాళ్లే లేరు

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముకుంటున్న ఆడవాళ్ల గురించి పేపర్లలో తరచూ కథనాలు వస్తున్నాయి, చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఎంత పెట్టుబడి పెట్టారు, నెలకి ఎంత మిగులుతోంది అని రాస్తారు గానీ, మొదలుపెట్టే ముందు ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలి, దానికి ఎంత కట్టాలి అన్నది ఎవరూ రాయడం లేదు. మేం దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. అందుకే ఈ ఉత్తరం.

మాది తెనాలి. 2023 వేసవిలో నేనూ, మా తోడికోడలూ కలిసి ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి మొదలుపెట్టాం. రుచి గురించి మాకు ఏ భయమూ లేదు, ఏళ్ల తరబడి చుట్టాలందరికీ కట్టి పంపిస్తున్నవే. విజయవాడలో ఒక కిరాణా షాపాయన ముందు పాతిక సీసాలు పెట్టి చూస్తానన్నాడు. తీసుకెళ్తే ఆయన మూత కూడా తీయలేదు, సీసా చుట్టూ తిప్పి లేబుల్ మొత్తం చదివి, "అమ్మా, ఫుడ్ లైసెన్స్ నంబరేది? ఎంఆర్‌పీ ఏది? ఇవి లేకుండా నేను ర్యాక్‌లో పెడితే రేపు ఫైన్ పడేది నాకే" అని అట్టపెట్టె మళ్లీ మా చేతికి ఇచ్చేశాడు. ఆయన తప్పేమీ లేదు. మేం అప్పటికే మూడు వేల లేబుళ్లు కొట్టించేశాం, వాటి మీద మా పేరు, మామిడికాయ బొమ్మ, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ లేవు. అవన్నీ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

పచ్చడి కాయలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే కదా, ఆ రెండు నెలలు పోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఆ టెన్షన్‌లో ఒక ఏజెంటుని పట్టుకున్నాం. అన్నీ కలిపి 8,500 రూపాయలన్నాడు, ఇచ్చేశాం. అందులో చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కే 2,000 వేశాడని తర్వాత తెలిసింది. ఉద్యమ్‌కి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదండీ. 2020 జులై నుంచి అది పూర్తిగా ఆన్‌లైన్, పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్, ఆధార్‌కి లింకైన ఫోన్ ఉంటే చాలు, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయక్కర్లేదు. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించి డబ్బు గుంజే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, కాబట్టి అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో మాట, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే లైసెన్స్ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటున్నారు. అది లైసెన్స్ కాదు, మీది చిన్న సంస్థ అని చెప్పే గుర్తింపు మాత్రమే. వ్యాపారం పేరు మీద బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవడానికి, లోనుకి పనికొస్తుంది.

తినే వస్తువు అమ్మాలంటే అసలు కావాల్సింది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే రిజిస్ట్రేషన్. మేం తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లకి దాని ఫీజు సంవత్సరానికి 100 రూపాయలు. వంద! దానికి ఏజెంటు మా దగ్గర తీసుకున్నది 3,000. ఫారం కూడా చిన్నదే, ఫొటో, గుర్తింపు కార్డు, ఏం తయారు చేస్తున్నామో, ఎక్కడ చేస్తున్నామో చెప్పాలి, అంతే. కానీ మొత్తం ఇంగ్లిష్‌లో ఉండేసరికి పదో తరగతితో ఆగిపోయిన మా తోడికోడలు మొదటి పేజీ చూసే భయపడిపోయింది. ఏజెంట్ల బతుకుతెరువంతా ఆ భయం మీదే.

నంబరు వచ్చాక లేబుల్ మళ్లీ కొట్టించాం. ఆ 14 అంకెల నంబరు, తయారుచేసిన వాళ్ల పేరు, పూర్తి చిరునామా, వేసిన దినుసులు, నికర బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, బ్యాచ్ నంబరు, అన్ని పన్నులూ కలిపి ఎంఆర్‌పీ, గ్రాముకి ఎంత పడుతుందో ఆ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, శాకాహారం అని ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ పావుకిలో సీసా మీద పట్టాలి. బరువు, ధర సంగతులు చూసేది తూనికలు కొలతల శాఖ. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు వాళ్ల దగ్గర కూడా 500 కట్టి నమోదు చేసుకోవాలని మా ఏజెంటు చెప్పనే లేదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ సంగతి మాత్రం పక్కింటి టైలరింగ్ షాపావిడ చెప్పబట్టి తెలిసింది.

ఇంతవరకూ ఏదీ మోయలేని బరువు కాదు. నిజంగా బరువైంది జీఎస్టీలో ఒక్క నియమం.

ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. మా అమ్మకం ఆరు లక్షలు కూడా లేదు, కాబట్టి నిశ్చింతగా ఉన్నాం. హైదరాబాద్ నుంచి ఆర్డర్లు మొదలయ్యాక ఒక ఆడిటర్ గారు చెప్పారు, వేరే రాష్ట్రానికి ఒక్క సీసా అమ్మినా, అమ్మకం ఎంత తక్కువైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని. తెనాలి నుంచి తెలంగాణకి ఆవకాయ పంపితే అది అంతర్రాష్ట్ర వ్యాపారం. పోనీ ఒక శాతం కట్టే కాంపోజిషన్ పథకంలో చేరదామంటే, అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ఇక మిగిలింది మామూలు జీఎస్టీ, అమ్మకాల లెక్క చూపే రిటర్నులు, అమ్మకం లేకపోయినా సున్నా రిటర్ను, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు. రిజిస్ట్రేషన్ ఉచితమే, కానీ రిటర్నులు వేయించడానికి నెలకి వెయ్యి పోతోంది. ఆర్డర్లు లేని వానాకాలంలో ఆ వెయ్యి కూడా మాకు పెద్దదే.

ఇదే నియమం సేవలు అందించేవాళ్లకి లేదు, 20 లక్షల దాకా ఏ రాష్ట్రంలో వాళ్లకైనా పనిచేసి పెట్టొచ్చు. చెక్క బొమ్మల్లాంటి హస్తకళా వస్తువులకీ ఇలాంటి మినహాయింపు ఉంది, అంటే కొండపల్లి బొమ్మ హైదరాబాద్ వెళ్లడానికి దారుంది. మరి ఆవకాయకి ఎందుకు లేదు? చేతిపనే కదా ఇదీ. 2014కి ముందు రెండూ ఒకే రాష్ట్రం, మా అమ్మకాలు సగం హైదరాబాద్‌లోనే ఉంటాయి, మా పిల్లలూ చుట్టాలూ ఉన్నది అక్కడే. మన రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు ఇద్దరూ ఈ నియమాలు చర్చించే జీఎస్టీ కౌన్సిల్‌లో సభ్యులే. ఈ ఒక్క మాట అక్కడ గట్టిగా అడగమని వాళ్లకి నా విన్నపం.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. వారానికి ఒక చిన్న వ్యాపారం తీసుకుని, టిఫిన్ బండి, కుట్టు మిషన్, పాల కేంద్రం, ఏదైనా సరే, దానికి ఏ కాగితాలు కావాలో, అసలు ఫీజు ఎంతో తెలుగులో వేయండి. గ్రామ, వార్డు సచివాలయాల గోడల మీద కూడా ఆ జాబితా ఫీజులతో సహా అంటించమని అధికారులకి మీరు రాస్తే వింటారు. వచ్చే ఏడాది కాయలు దిగకముందే జరిగితే, మా వీధిలోనే కొత్తగా మొదలుపెడదామనుకుంటున్న ముగ్గురికి ఆ 8,500 మిగులుతాయి.

ఇట్లు,
పచ్చళ్లు చేసి అమ్ముకునే ఒక గృహిణి,
తెనాలి